అంగారకుడి మీది రోబోలో మన వాటా: వరంగల్ వైపు వారికి ఏ భాగస్వామ్యం నప్పుతుంది?

వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఇంజనీరింగ్ కాలేజీల రోబోటిక్స్ క్లబ్బుల్లో అంతరిక్షం మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న, ‘మనం చేసినదాన్ని పైకి ఎవరు తీసుకెళ్తారు?’ అని. దానికంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది. తీసుకెళ్లే యంత్రం దారిలో పాడైతే మన చేతిలో ఏం మిగులుతుంది? ప్రభుత్వ సంస్థలు, ప్రైవేటు కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, చందాలు వేసుకున్న సంఘాలు కలిసి వేరే గ్రహం మీదికి, చంద్రుడి మీదికి రోబోలను పంపే పద్ధతులు ఇప్పుడు అరడజను దాకా ఉన్నాయి. అన్నింటికీ పేరు ఒకటే, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం. లోపలి సరుకు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనిది. ఒక దాంట్లో మీరు ప్రయాణికులు, ఒక దాంట్లో కూలీలు, ఇంకో దాంట్లో కేవలం ప్రేక్షకులు. ఏది మీకు సరిపోతుందో తేల్చుకోవడానికి ఈ పోలిక.

ముందు దూరం సంగతి

చంద్రుడు సగటున 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఇక్కడి నుంచి ఆజ్ఞ వెళ్లి, జవాబు తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు చాలు. అందుకే 1970 నవంబరులో సోవియట్ యూనియన్ దింపిన లూనోఖోద్-1 బండిని క్రిమియాలో కూర్చున్న ఐదుగురి బృందం నేరుగా నడపగలిగింది. వాళ్లకు అందేది వీడియో కూడా కాదు, కొన్ని సెకన్లకో నిశ్చల చిత్రం. అయినా బండి 10 కిలోమీటర్లకు పైగా తిరిగింది.

అంగారకుడి లెక్క వేరు. మనకు బాగా దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లు, దూరం జరిగినప్పుడు 40 కోట్లు. సంకేతం ఒకవైపు వెళ్లడానికే 3 నుంచి 22 నిమిషాలు. రోవర్ (గ్రహం నేల మీద తిరిగే రోబో బండి) ముందు గుంత ఉందని చూసి మీరు ‘ఆగు’ అనేసరికి, ఆ మాట చేరేలోపు అది గుంతలో ఉంటుంది. కాబట్టి అక్కడ జాయ్‌స్టిక్‌తో బండి నడపడం అనేది లేదు. ఒక రోజు పని మొత్తాన్ని ముందే రాసి ఒక్కసారిగా పంపుతారు. మిగతాది రోవరే చూసుకుంటుంది. నాసా వారి పర్సెవరెన్స్ రోవర్ తన కళ్లతో తనే దారి వెతుక్కుంటూ గంటకు దాదాపు 120 మీటర్లు వెళ్లగలదు, అంతే.

దీన్ని బట్టి అంగారకుడి విషయంలో ప్రజలు పాలుపంచుకోవడమంటే మూడే పనులు: ఎక్కడ చూడాలో చెప్పడం, ఆ రోజు ప్రణాళిక రాయడం, వచ్చిన సమాచారాన్ని అర్థం చేసుకోవడం. ‘మీ ఇంటి నుంచే మార్స్ రోవర్‌ను లైవ్‌గా నడపండి’ అని ఎవరైనా రుసుము అడిగితే, ఆ కాగితం అక్కడితో మడిచి పెట్టేయవచ్చు. చంద్రుడి రోవర్ గురించి అలా చెబితే మాత్రం భౌతికశాస్త్రం అడ్డుచెప్పదు. అడ్డుచెప్పేది డబ్బు.

ఈ తేడా పిల్లలకు అర్థం కావాలంటే పైసా ఖర్చు లేని ప్రయోగం ఒకటుంది. హన్మకొండలోని ఏ హైస్కూల్లోనైనా చేయవచ్చు. ఒక గదిలో రిమోట్ బొమ్మ కారు, దాని చుట్టూ నాలుగు ఇటుకలు, ఒక ఇసుక కుప్ప. పక్క గదిలో ‘భూమి’ జట్టు. రెండు గదుల మధ్య చీటీలు మోసే ఒక పిల్లవాడు, వాడి చేతిలో గడియారం. ప్రతి చీటీని పది నిమిషాలు వరండాలో ఆపాకే లోపలికి ఇవ్వాలి. మొదటి చీటీ మీద ‘ముందుకు వెళ్లు’ అని ఉంటుంది. ఎంత ముందుకో రాయరు, కారు గోడకు గుద్దుకుంటుంది. మూడో చీటీకి వచ్చేసరికి ‘రెండు అడుగులు ముందుకు, ఆగి ఫొటో తీయి, చక్రం కింద ఇసుక కనిపిస్తే ఇక కదలకు’ అని రాయడం మొదలుపెడతారు. రోవర్‌కు రోజువారీ ప్రణాళిక రాసేవాళ్లు వృత్తిగా చేసేది ఈ పనే.

ప్రభుత్వ యంత్రం, ప్రజలకు కిటికీ

మొదటి పద్ధతిలో యంత్రం, రాకెట్, నడిపే హక్కు అన్నీ ప్రభుత్వ అంతరిక్ష సంస్థవే. ప్రజలకు ఒక కిటికీ తెరుస్తారు. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నా దృష్టిలో మాత్రం మన వైపు నుంచి మొదలుపెట్టేవారికి దీన్ని మించింది లేదు.

అంగారకుడి చుట్టూ తిరిగే నాసా నౌక మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ మీద హైరైజ్ అనే కెమెరా ఉంది. అరిజోనా విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతుంది. అంగారకుడి నేల మీద బల్ల సైజు వస్తువును గుర్తుపట్టగల కెమెరా అది. ఫలానా చోటు ఫొటో తీయండని ఎవరైనా సూచించే సౌకర్యాన్ని 2010లో తెరిచారు. డిగ్రీ అక్కర్లేదు, రుసుము లేదు. అయితే ఆ చోటే ఎందుకో కారణం రాయాలి, అసలు పని అక్కడే ఉంది. బృహస్పతి దగ్గరికి వెళ్లిన జునో నౌకలోని జునోక్యామ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ముడి చిత్రాలను అలాగే ప్రజల ముందు పెట్టి, రంగులు దిద్ది తీర్చిదిద్దే పనిని వారికే వదిలింది. మనం పత్రికల్లో చూసి అబ్బురపడే బృహస్పతి సుడిగాలుల చిత్రాల్లో చాలావరకు జీతం లేని ఔత్సాహికులు తయారుచేసినవే. నాసా ప్రయోగశాల జేపీఎల్ 2020లో మొదలుపెట్టిన ఏఐ4మార్స్ పథకంలో రోవర్ తీసిన చిత్రాల మీద ‘ఇది ఇసుక, ఇది రాతి పలక’ అని ప్రజలే గుర్తులు పెట్టారు. రోవర్లకు నేల రకాలు నేర్పే ప్రోగ్రాములకు అది పాఠ్యపుస్తకమైంది.

మన ఇస్రో కిటికీ కూడా తెరిచే ఉంది. చంద్రయాన్-2, చంద్రయాన్-3, మంగళయాన్ సమాచారం బెంగళూరు దగ్గరి బ్యాలాలులోని కేంద్రం ద్వారా ఉచితంగా దొరుకుతుంది. చంద్రయాన్-3 సమాచారాన్ని 2024 ఆగస్టు 23న, తొలి జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు విడుదల చేశారు. నమోదు చేసుకుంటే చాలు. ఫైళ్లు తెరవడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి, ఫోనులో అయ్యే పని కాదు.

ఉత్తర తెలంగాణకు ఇందులో ఒక సహజమైన అనుకూలత ఉంది. ఎందుకో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అంగారకుడి ఉపరితలంలో ఎక్కువ భాగం బసాల్ట్, అంటే లావా చల్లారి ఏర్పడిన నల్లరాయి. వరంగల్, కరీంనగర్ గుట్టలు గ్రానైట్. అవి ఎంత అందంగా ఉన్నా అంగారకుడికి పోలిక కావు. ఆదిలాబాద్ వైపు వెళ్తే దక్కన్ లావా పొరలు మొదలవుతాయి. ఆ బసాల్ట్ శిథిలమై ఏర్పడిందే మన పత్తి పండే నల్లరేగడి. వాన పడితే ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే దాని గుణానికి కారణం స్మెక్టైట్ జాతి బంకమట్టి. క్యూరియాసిటీ రోవర్ గేల్ బిలంలో డ్రిల్ చేసి తీసిన మట్టిలో స్మెక్టైట్ ఖనిజాలే కనిపించాయి. అక్కడ ఒకప్పుడు నీళ్లు నిలిచాయని చెప్పిన సాక్ష్యాల్లో అదొకటి. ఆదిలాబాద్ చేనులోని మట్టి వర్ణపటాన్ని (ఏ రంగు కాంతిని ఎంత వెనక్కి పంపుతుందో చూపే గీతను), అంగారక కక్ష్య నుంచి తీసిన వర్ణపటాలను పక్కపక్కన పెట్టి చదివే పని ఒక ఎంఎస్సీ ప్రాజెక్టుకు సరిపోతుంది. రాకెట్ అవసరం లేదు, ఒప్పందం అవసరం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లోటు ఒకటే. ఆజ్ఞ మీది కాదు. సూచిస్తారు, ఎదురుచూస్తారు. ఎప్పుడు తీస్తారో, అసలు తీస్తారో లేదో వారి ఇష్టం. నౌక నిధులు ఆగిపోతే కిటికీ మూతపడుతుంది. కానీ అప్పటిదాకా దించుకున్న సమాచారం, నేర్చుకున్న పని మీవే. నేను మొదట అడిగిన ప్రశ్నకు దీని జవాబు చాలా గట్టిది.

పెద్ద నౌకలో చిన్న పరికరం

రెండో పద్ధతిలో నౌక ప్రభుత్వానిది, అందులో ఒక మూల మీది. దీనికి నాకు అన్నింటికన్నా నచ్చిన ఉదాహరణ జపాన్‌ది. 2024 జనవరి 20న జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా వారి స్లిమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. దిగడమైతే దిగింది గానీ తలకిందులుగా. ఆ సంగతి కళ్లకు కట్టినట్టు చూపించిన ఫొటో తీసింది సోరా-క్యూ అనే బంతి. దాదాపు 8 సెంటీమీటర్ల వ్యాసం, పావు కిలో బరువు. నేల తాకగానే రెండు చిప్పలుగా విచ్చుకుని, ఆ చిప్పలనే చక్రాలుగా చేసుకుని కదులుతుంది. దాన్ని చేసింది జాక్సాతో పాటు టోమీ అనే బొమ్మల కంపెనీ, సోనీ, దోషిషా విశ్వవిద్యాలయం. రూపం మార్చుకునే బొమ్మల తయారీలో టోమీకి ఏళ్ల అనుభవం ఉంది. అంతరిక్ష సంస్థకు అది లేదు. తక్కువ భాగాలతో, తక్కువ బరువుతో విచ్చుకునే యంత్రం కావాలంటే బొమ్మలవాళ్లను అడగడమే తెలివి. తర్వాత టోమీ అదే నమూనాను బొమ్మగా అమ్ముకుంది కూడా. ఎవరి బలం ఏమిటో, ఎవరికి ఏం దక్కుతుందో స్పష్టంగా ఉన్న భాగస్వామ్యం ఇది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. అలాంటి బంతి ఒకటి ఐస్పేస్ అనే జపాన్ ప్రైవేటు కంపెనీ ల్యాండర్‌లో ముందే వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో ఆ ల్యాండర్ చంద్రుడి నేలను ఢీకొంది, బంతి పోయింది. చేసినవారి చేతిలో నమూనా, పనితనం ఉన్నాయి కాబట్టే తొమ్మిది నెలలకు రెండో బంతి ఫొటో పంపింది.

అంగారకుడి విషయంలో ఈ పద్ధతికి పాత ఉదాహరణ ప్లానెటరీ సొసైటీ అనే అంతరిక్ష ఔత్సాహికుల సంఘం వారి మైక్రోఫోన్. సభ్యుల చందాల డబ్బుతో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ వారి పనితనంతో తయారై, నాసా మార్స్ పోలార్ ల్యాండర్‌లో వెళ్లింది. 1999 డిసెంబరు 3న ల్యాండర్ దిగుతూనే మాయమైంది. అంగారకుడి మీద మైక్రోఫోన్‌తో శబ్దం రికార్డు కావడానికి 2021లో పర్సెవరెన్స్ దిగేదాకా ఆగాల్సి వచ్చింది. అదే సంఘం 2001లో వివిధ దేశాల నుంచి ఎంపిక చేసిన విద్యార్థులను కాలిఫోర్నియా తీసుకెళ్లి, అంగారకుడి చుట్టూ తిరిగిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక కెమెరా ఎక్కడ ఫొటో తీయాలో వారితోనే నిర్ణయింపజేసింది. వారిలో భారతీయ విద్యార్థులూ ఉన్నారు. ఇప్పుడు, 2025 నవంబరు 13న బయలుదేరిన ఎస్కపేడ్ జంట నౌకల్లో నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయ విద్యార్థులు పాలుపంచుకున్న కెమెరాలు అంగారకుడి వైపు వెళ్తున్నాయి. ఆ నౌకలను రాకెట్ ల్యాబ్ అనే ప్రైవేటు కంపెనీ తయారుచేసింది, బర్క్‌లీ నడుపుతోంది, బ్లూ ఆరిజిన్ రాకెట్ మోసుకెళ్లింది, ఖర్చు నాసాది. ఒక్క ప్రయోగంలో ఇన్ని సంస్థలు.

ఈ దారిలో మీకు గట్టి పేరు వస్తుంది. కానీ పరికరం బరువు, కరెంటు, కంపనం, వేడి అన్నీ నౌకవారు చెప్పినట్టే ఉండాలి. పరీక్షల కాగితాలు పరికరం కంటే బరువుంటాయి.

ప్రయాణం కొనుక్కోవడం

మూడోది ఈ పదేళ్లలో అందరూ మాట్లాడుకుంటున్న పద్ధతి. ప్రభుత్వం నౌకను తయారుచేయించదు, ప్రయాణాన్ని కొంటుంది. మన వైపు రైతుకు చెప్పాలంటే ఒక్క మాట చాలు, ఇది పాలుకు ఇవ్వడం కాదు, కౌలుకు ఇవ్వడం. పాలుకు ఇస్తే పంట పోయినప్పుడు భూమి యజమానికీ నష్టం. కౌలు ముందే మాట్లాడుకున్న మొత్తం. ఖర్చు పెరిగితే అది చేసేవాడి నెత్తిన. నాసా 2018 నవంబరులో తొమ్మిది కంపెనీలతో మొదలుపెట్టిన చంద్రుడి సరుకు రవాణా పథకం సీఎల్‌పీఎస్ ఇలాంటిదే. ధర స్థిరం. 2028 దాకా మొత్తం పరిమితి 260 కోట్ల డాలర్లు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? ఆస్ట్రోబోటిక్ వారి పెరెగ్రిన్ 2024 జనవరి 8న బయలుదేరిన కొన్ని గంటలకే ఇంధనం కారిపోయి చంద్రుడిని చేరలేదు. ఇంట్యూటివ్ మెషీన్స్ ఒడీసియస్ అదే ఏడాది ఫిబ్రవరి 22న దిగి పక్కకు ఒరిగింది. ఫైర్‌ఫ్లై బ్లూ గోస్ట్ 2025 మార్చి 2న నిటారుగా దిగి, చంద్రుడి పగలు రెండు వారాలూ పనిచేసింది. నాలుగు రోజులకే ఇంట్యూటివ్ మెషీన్స్ రెండో ల్యాండర్ మళ్లీ పక్కకు పడింది. నాలుగింటిలో ఒకటి పూర్తిగా గట్టెక్కింది. నాసాకు ఇది సమ్మతమే. తక్కువ ధరకు ఎక్కువసార్లు ప్రయత్నించడమే దాని లెక్క. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

అదే ల్యాండర్‌లో చోటు సంపాదించిన కాలేజీకి ఆ లెక్క కుదరదు. పెరెగ్రిన్‌లో కార్నెగీ మెలన్ విద్యార్థులు చేసిన సుమారు రెండు కిలోల ఐరిస్ రోవర్ ఉంది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వారి ఐదు చిట్టి రోబోలు ఉన్నాయి. అవి చంద్రుడి నేల తాకకుండానే జనవరి 18న ల్యాండర్‌తో పాటు భూవాతావరణంలో కాలిపోయాయి. ఒడీసియస్ మీద ఎంబ్రీ-రిడిల్ విద్యార్థుల కెమెరా ఉంది. దిగే క్షణాన ల్యాండర్‌ను బయటి నుంచి ఫొటో తీయాలన్నది దాని ఉద్దేశం. అది జరగలేదు. తప్పు వాళ్లది కాదు. తప్పు ఎవరిదైనా ఆ విద్యార్థులకు రెండో అవకాశం కొనే డబ్బు ఎవరి ఒప్పందంలోనూ లేదు.

అంగారకుడికి ఈ అంగడి ఇంకా తెరుచుకోలేదు. 2024 మే నెలలో నాసా తొమ్మిది కంపెనీలకు పన్నెండు అధ్యయనాలు అప్పగించింది. అక్కడికి సరుకు చేరవేయడం, ఫొటోలు తీయడం, సంకేతాలు అందించడం వంటి సేవలు అమ్మగలరా అన్నది విషయం. అవి కాగితం మీది పనులు. చంద్రుడి దగ్గర ఏడాదిలో రెండుసార్లయినా తప్పులు దిద్దుకోవచ్చు. అంగారకుడికి బయలుదేరే అదను దాదాపు 26 నెలలకు ఒకసారే వస్తుంది. సేవ కొనే పద్ధతి అక్కడ పనిచేయాలంటే తప్పు చేసి బతికి బట్టకట్టగల కంపెనీలు కావాలి. నా ఉద్దేశంలో ఈ దశాబ్దంలో మన కాలేజీలు దీని వైపు చూడనక్కర్లేదు.

బహుమతి, టికెట్టు

వీటి గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. గూగుల్ లూనార్ ఎక్స్‌ప్రైజ్ 2007లో మొత్తం 3 కోట్ల డాలర్ల బహుమతులు ప్రకటించింది. 90 శాతం ప్రైవేటు డబ్బుతో చంద్రుడి మీద దిగి, 500 మీటర్లు కదిలి, వీడియో పంపాలి. 2018 మార్చి 31న గెలిచినవారు లేకుండానే గడువు ముగిసింది. బెంగళూరుకు చెందిన టీమ్ఇండస్ 2015లో 10 లక్షల డాలర్ల మైలురాయి బహుమతి గెలిచింది, తర్వాత ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ ఒప్పందం రద్దయి ఆగిపోయింది. యువకుల ప్రయోగాలను చంద్రుడికి తీసుకెళ్తామని అది నిర్వహించిన పోటీ ఎంతమందిని ఊరించిందో, ఆ నౌక ఎగరకపోవడం అంతమందినీ నిరాశపరిచింది. ఆ సాంకేతికతతో అమెరికాలో ఆర్బిట్‌బియాండ్ అనే కంపెనీ 2019 మే నెలలో 9.7 కోట్ల డాలర్ల సీఎల్‌పీఎస్ పని గెలుచుకుని, జూలైలోనే వదులుకుంది. బహుమతి గెలిచాకే డబ్బు వస్తుంది. గెలిచే దాకా అప్పు ఎవరు ఇస్తారన్నది ఆ పద్ధతి అసలు అడగదు.

టికెట్టు పద్ధతి ఇంకా పాతది. 1990లలో లూనాకార్ప్ అనే అమెరికా కంపెనీ, కార్నెగీ మెలన్ రోబోటిక్స్ నిపుణులతో కలిసి, వినోద పార్కుల్లో కూర్చున్న జనం చంద్రుడి రోవర్‌ను నడిపేలా చేస్తామంది. ఆలోచన చక్కనిది, సాంకేతికంగా సాధ్యమైనదే. టికెట్లతో రాకెట్ ఖర్చు రాదని తేలి 2003లో మూతపడింది. ఇప్పుడూ ‘మీ పేరును చంద్రుడికి పంపుతాం’ అంటూ డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు. నాసా చాలా ప్రయోగాల్లో పేర్లను ఉచితంగానే పంపింది.

మన గడపలో ఉన్నది

2020 జూన్‌లో కేంద్రం ఆమోదించిన ఇన్-స్పేస్, ప్రైవేటు కంపెనీలకూ కాలేజీలకూ ఇస్రో సదుపాయాలు అందే మార్గం. 2023లో వచ్చిన అంతరిక్ష విధానం ఆ పాత్రను ఖరారు చేసింది. ఇందులో మన పనికి నేరుగా వచ్చేది పోయెమ్. ఉపగ్రహాలను వదిలాక పీఎస్ఎల్‌వీ నాలుగో దశ ఖాళీగా తిరుగుతుంటుంది. దాన్నే ప్రయోగ వేదికగా వాడటం పోయెమ్. 2024 డిసెంబరు 30న వెళ్లిన పోయెమ్-4లో 24 పేలోడ్లు (ప్రయోగ పరికరాలు) ఉంటే, పది ప్రభుత్వేతర సంస్థలవి. వాటి పక్కనే ఇస్రో వారి నడిచే రోబో చెయ్యి పనిచేసింది, చిన్న పెట్టెలో బొబ్బర్ల గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. హైదరాబాద్‌కు చెందిన టేక్‌మీ2స్పేస్ పరికరం కూడా అందులో ఉంది. భూమి మీది నుంచి పంపిన ప్రోగ్రామును కక్ష్యలో నడపడం దాని పని. ఆజ్ఞ పంపి జవాబు అందుకోవడం అన్న అనుభవానికి ఇంతకంటే దగ్గరి చోటు మనకు లేదు.

ఇది భూకక్ష్యే, వేరే గ్రహం కాదు. పైగా రాకెట్ విఫలం కాదన్న హామీ ఇక్కడా లేదు, 2025 మేలో పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైంది. అయినా మాట్లాడేవాళ్లు తెలుగువాళ్లో హిందీవాళ్లో ఉంటారు, పరీక్ష కేంద్రానికి రైల్లో వెళ్లి రావచ్చు. స్కైరూట్, ధ్రువ స్పేస్ వంటి కంపెనీలు ఉన్న హైదరాబాద్‌కు కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా మాట్లాడి వచ్చేయవచ్చు. శిక్షణ అడగడానికి అదేమీ చిన్న అనుకూలత కాదు. గ్రహాల వైపు చూస్తే శుక్ర కక్ష్య ప్రయోగానికి 2024 సెప్టెంబరులో 1,236 కోట్లు ఆమోదించారు. అదే నెల చంద్రయాన్-4కూ ఆమోదం వచ్చింది. జపాన్‌తో కలిసి రోవర్‌ను పంపే చంద్రయాన్-5 కూడా వరుసలో ఉంది. వాటి పరికరాలు ఇస్రో, పెద్ద పరిశోధన సంస్థల చేతుల్లోనే ఉంటాయి. సమాచారం మాత్రం మళ్లీ మొదటి కిటికీ గుండా మన దాకా వస్తుంది.

నేల మీద నడిపి చూడటం

అసలు అంతరిక్షానికే వెళ్లని పద్ధతి ఒకటుంది. మార్స్ సొసైటీ 2007 నుంచి అమెరికాలోని యూటా ఎడారిలో విశ్వవిద్యాలయ రోవర్ పోటీ నడుపుతోంది. మన దేశం నుంచి ఏటా జట్లు వెళ్తాయి. నడిపేవాళ్లను రోవర్ కనిపించని గదిలో కూర్చోబెడతారు, కెమెరాల్లో కనిపించిందే ప్రపంచం. ఇస్రో బెంగళూరు కేంద్రం కూడా విద్యార్థుల కోసం రోబోటిక్స్ సవాలు మొదలుపెట్టింది. బీటెక్ జట్టుకు నా సలహా, ఏ ఒప్పందం మీదైనా సంతకం పెట్టేముందు ఇందులో ఒకసారి ఓడిపోయి రండి.

నమూనా కావాలంటే జేపీఎల్ 2018లో ఉచితంగా విడుదల చేసిన ఆరు చక్రాల రోవర్ నక్షా ఉంది. అప్పటి ధరల్లో సుమారు 2,500 డాలర్ల సామాను. అన్నీ తెప్పించుకోనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ కోఠి గుజరాతీ గల్లీలో, బేరింగులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. చక్రాల హబ్బులు వరంగల్‌లోనే లేత్ మీద తిప్పించుకోవచ్చు. చక్రాలకు కారు వైపర్ మోటారు చౌకగా వస్తుంది గానీ ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ దానికి ఉండదు. జాయ్‌స్టిక్‌తో నడిపితే ఫరవాలేదు, చీటీ పద్ధతిలో ‘రెండు మీటర్లు వెళ్లి ఆగు’ అంటే దానికి తెలియదు. అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. రేడియో దగ్గర ఇంకో చిక్కు. అమెరికా జట్ల నివేదికలు చూసి 915 మెగాహెర్ట్జ్ పరికరాలు తెప్పించుకోకండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగింది 865–868 మెగాహెర్ట్జ్.

నడిపి చూడటానికి మనకు ఉన్నన్ని రకాల నేలలు చాలా చోట్ల లేవు. వేసవిలో మానేరు ఇసుకలోకి దించండి. 2009లో స్పిరిట్ రోవర్ అంగారకుడి మీద మెత్తటి మట్టిలో కూరుకుపోయి ఇక కదలకపోవడం ఎలాంటిదో గంటలో తెలుస్తుంది. చక్రం తిరుగుతుంటుంది, బండి అక్కడే ఉంటుంది, కెమెరాలో ఏ తేడా కనిపించదు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల రాళ్ల కుప్పలు ఎక్కించడానికి బాగుంటాయి. సింగరేణి ఓపెన్‌కాస్టుల ఓబీ (బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన) మట్టి దిబ్బలు చూడటానికి అచ్చం వేరే గ్రహంలా ఉంటాయి గానీ, రాతపూర్వక అనుమతి లేకుండా అటు వెళ్లవద్దు. వదులు మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

ఎవరికి ఏది

ఇంటర్ లేదా డిగ్రీ కాలేజీ అధ్యాపకులైతే కిటికీ పద్ధతి, దానికి తోడు చీటీల ప్రయోగం. ఆ రెండూ చేసిన పిల్లలను ప్రతాపరుద్ర నక్షత్రశాలకు తీసుకెళ్తే వాళ్లు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. వరంగల్ నిట్, కిట్స్, బాసర ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల జట్టుకు మొదట రోవర్ పోటీ, తర్వాత పోయెమ్ స్థాయి పరికరం. నేరుగా విదేశీ ప్రైవేటు ల్యాండర్‌లో చోటు కొనే ఆలోచన, ఎంత పెద్ద దాత దొరికినా, నేను వద్దంటాను. సొంత వర్క్‌షాపు ఉన్నవారికి టోమీ దారి పనికొస్తుంది. ‘అంతరిక్ష కంపెనీ’ అవ్వాలని చూడకుండా, మీ చేతికి బాగా వచ్చిన ఒక్క భాగాన్ని పెద్ద జట్టుకు చేసివ్వండి. తల్లిదండ్రులకు మాత్రం ఒక్కటే మాట. సర్టిఫికెట్ ఇస్తామనే మూడు రోజుల ‘మార్స్ మిషన్’ శిబిరాలకు కట్టే డబ్బుతో ఒక మంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనివ్వండి, చంద్రయాన్ ఫైళ్లు తెరుచుకుంటాయి.

ఏ భాగస్వామ్యంలోనైనా సంతకానికి ముందు ఒప్పందంలో వెతకాల్సిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. పరికరం నుంచి వచ్చే సమాచారం ఎవరిది, ఎన్ని నెలలకు బయటపెట్టవచ్చు? ఆజ్ఞల జాబితా రాసేటప్పుడు మీ జట్టు గదిలో ఉంటుందా, లేక ఫలితం మెయిల్‌లో వస్తుందా? రాకెట్ విఫలమైతే రెండోసారి చోటు ఉందా, ఉంటే ఎవరి ఖర్చుతో? నక్షాలు, ప్రోగ్రాములు కాలేజీ పేరున ఉంటాయా, కంపెనీ పేరున పోతాయా? ‘పరస్పర అవగాహనతో నిర్ణయించుకుంటారు’ అని రాసి ఉంటే అది ఏమీ రాయనట్టే.

అన్నిటికన్నా మరిచిపోయేది కాలం. అంగారకుడికి అదను 2026 చివర్లో ఒకటి, మళ్లీ 2028 చివర, 2029 మొదట్లో ఇంకొకటి. బీటెక్ నాలుగేళ్లు. 2025లో చేరిన విద్యార్థి చేసిన పరికరం 2028–29 అదనుకు వెళ్లినా, ప్రయాణానికి ఏడెనిమిది నెలలు పోగా, అది పనిచేసేనాటికి ఆ విద్యార్థి ఉద్యోగంలో ఉంటాడు. ఒక అదను తప్పితే ఆ జట్టులో ఒక్కరూ కాలేజీలో ఉండరు. కాబట్టి ఒప్పందంలో విద్యార్థుల పేర్లు కాదు, ఒక అధ్యాపకుడి పేరు, ఒక ప్రయోగశాల గది నంబరు, ఏటా ఇద్దరు జూనియర్లకు పని అప్పగించే పద్ధతి రాసి ఉండాలి. అవి లేని కాలేజీకి ఏ అంతరిక్ష సంస్థ చోటు ఇస్తానన్నా, ఈ ఏడాదికి వద్దని చెప్పి మానేరు ఇసుకలో ఇంకో వేసవి గడపడం మేలు.